పురుగు ముట్టి పోయిన ముత్తాత: ఏ పాము, ఏ ఏడు, ఏ కచేరీలో వెతకాలి?

వంశధార_గట్టు

అందరికీ నమస్కారం. మా వంశవృక్షం రాస్తున్నాను. తాతగారి నాన్నగారి దగ్గర చిక్కు పడింది. ఊరు కాశీనగరం దగ్గర పల్లె. ఇప్పుడు గజపతి జిల్లా, అప్పట్లో పర్లాకిమిడి జమీ. "పురుగు ముట్టి పోయారు", అంటే పాము కరిచి పోయారు, అన్న ఒక్క మాట మీద అందరూ నిలబడతారు. మిగతాదంతా తలో మాట.

చేతిలో ఉన్నవి ఇవి. తద్దినం శ్రావణ బహుళ ద్వాదశి నాడు పెడతాం, అందులో తేడా లేదు. ఏడు అడిగితే నాయనమ్మ "రాజ్యం విడిపోయిన ఏడు" అంటుంది. ఆవిడ కళ్ళతో చూసింది కాదు, అత్తగారి నోట విన్నది. పాము పేరు "పొడ" అంటుంది. పక్కింటి ఒడియావాళ్ళు మాత్రం "చితి" అన్నారట. కళ్ళంలో కుప్ప కాపలా పడుకుంటే ముట్టిందని ఒకసారి చెబుతుంది, అరుగు మీద చాప వేసుకుని పడుకుంటే ముట్టిందని ఇంకోసారి. తెల్లారేసరికే పోయారని నాయనమ్మ. కాలు వాచి ఎనిమిది రోజులు బాధపడి పోయారని మా పెద్దత్త. ఆ తరవాత ఇంట్లో పుట్టినవాళ్ళలో ముగ్గురికి నాగ పేర్లున్నాయి.

పాము ఏదో తేలుతుందా? ఏడు ఖాయం చేసుకోవడం ఎలా? కాగితం ఎక్కడైనా ఉంటుందా? ఏదీ తేలకపోతే మరణ కారణం దగ్గర ఏం రాయాలి?

గుణుపురం_గుమాస్తా

ముందు ఏడు తేల్చుకోండి. ఋతువు చేతికొస్తే పాము సగం తేలినట్టే.

"రాజ్యం విడిపోవడం" అన్నది మన వైపు రెండు సంగతులకి వాడతారు. ఒడిశా వేరే రాష్ట్రమైంది 1936 ఏప్రిల్ 1న. అప్పుడే పర్లాకిమిడి జమీ రెండు ముక్కలయింది. పట్టణం, దాని చుట్టుపక్కల ఊళ్ళు ఒడిశాకి వెళ్ళాయి, మిగతావి మద్రాసు కిందే విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. రెండో సంగతి జమీల రద్దు, 1951 చట్టంతో. పాతవాళ్ళు జమీని కూడా రాజ్యమనే అనేవారు కదా. "విడిపోయిన" అంటే మొదటిది, "పోయిన" అంటే రెండోది కావచ్చు. నాయనమ్మ ఏ మాట వాడుతుందో మళ్ళీ వినండి, మీరు అందించకండి. తండ్రి పోయేనాటికి మీ తాతగారు బడికి వెళ్తున్నారా, పెళ్ళయిందా అన్నది కూడా అడగండి. 15 ఏళ్ళ తేడా అక్కడ దాగదు.

1936 అనుకుంటే అది ధాత నామ సంవత్సరం. ఆ ఏడు తెలుగువాళ్ళ శ్రావణ బహుళం ఆగస్టు 4కీ 17కీ మధ్య పడింది, ద్వాదశి 13, 14 తేదీల దగ్గర. కచ్చితమైన రోజుకి ఆ ఏటి పంచాంగం తీయాల్సిందే.

అయితే ఇక్కడ సరిహద్దు కుటుంబాలన్నీ కాలు జారే చోటొకటుంది. మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియావాళ్ళకి పున్నమితో ముగుస్తుంది. శుద్ధ పక్షంలో ఇద్దరిదీ ఒకటే నెల. బహుళంలో మాత్రం వాళ్ళ నెల మనకన్నా ఒకటి ముందుంటుంది. మనకి కృష్ణాష్టమి శ్రావణ బహుళ అష్టమి, వాళ్ళకి అదే రోజు భాద్రవ కృష్ణ అష్టమి. మీ ఇంటికి వచ్చే పురోహితుడు ఏ తరంలోనైనా ఒడియా ఆయనైతే, "శ్రావణ బహుళం" అని మీరు చెప్పింది ఆయన లెక్కలో మన ఆషాఢ బహుళం. అప్పుడు 1936లో అది జూలై 5కీ 18కీ మధ్యకి జరుగుతుంది. సరిచూసుకోవడం తేలిక. మీ తద్దినం కృష్ణాష్టమి అయిన నాలుగో రోజున వస్తోందా, ఒడియావాళ్ళ చితలాగి అమావాస్యకి ముందే వచ్చేస్తోందా? మొదటిదైతే తెలుగు లెక్క.

ఎటు చూసినా వానాకాలమే. కళ్ళంలో కుప్ప కాపలా మార్గశిరం, పుష్యం సంగతి. శ్రావణంలో ఊడ్పులవుతాయి గానీ నూర్చడానికి కుప్పెక్కడిది? తిథినీ కథనీ పక్కపక్కన పెట్టి, నిలబడేది తిథే అనుకోండి. ఏటా ఒకసారి విస్తరి వేసి పెట్టేది కాబట్టి అది చెదరదు. కథ నోటినోటికీ మారుతుంది.

ఇక కాగితం. మద్రాసు రాజధానిలో చావుపుట్టుకల నమోదు 1899 చట్టం కింద జరిగేది. పల్లెల్లో మునసబు రాసి తాలూకాకి పంపేవాడు. ప్రతి పల్లెకీ ఒకేసారి తప్పనిసరి కాలేదు, కొండ ఏజెన్సీలో చాలాచోట్ల లేనే లేదు. మీ ఊరు మైదానంలో ఉంది కాబట్టి ఆశ పెట్టుకోవచ్చు. ఊరు ఇప్పుడు ఎటుందన్నది కాదు, ఆ రోజున ఎటుందన్నది లెక్క. 1936 ఆగస్టుకి మీ ఊరు ఒడిశాలో ఉంది కాబట్టి మద్రాసు పాత రికార్డుల్లో వెతకడం దండగ. మొదట పర్లాకిమిడి తహసీలు రికార్డు గది, తరవాత ఛత్రపురంలోని గంజాం కలెక్టరేటు. గజపతి జిల్లా పుట్టింది 1992 అక్టోబరు 2న. అంతకుముందువి ఛత్రపురంలోనే ఉండిపోయి ఉండొచ్చు. ఊరు ఏటికి అవతల ఆంధ్రలో ఉండిపోయినదైతే దారి వేరు: విశాఖపట్నం, 1950 నుంచి శ్రీకాకుళం.

చావు లెక్క దొరక్కపోతే భూమి లెక్క చూడండి. ముత్తాతగారి పేరు మీది పట్టా కొడుకు పేరుకి మారిన ఏడు దొరికితే మరణం దానికి ఇవతల ఉండదు. పాత లెక్కలు ఫసలీలో, అంటే భూమిశిస్తు ఏళ్ళలో, ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు ఏడు వస్తుంది, మొదలు జూలై 1. 1936 ఆగస్టు అంటే ఫసలీ 1346. పేరు మార్పు అదే ఏడు జరగాలని లేదు, 1347, 1348 కూడా తిరగేయండి.

నాగ పేర్ల మీద మాత్రం ఏమీ కట్టకండి. పిల్లలు నిలవకో పుట్టకో నాగప్రతిష్ఠ చేసి, సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకుని పెట్టిన పేర్లే ఎక్కువ. పాముకాటు జరగని ఇళ్ళలోనూ నాగరాజులు, సుబ్బమ్మలు వరసగా ఉంటారు.

కాటుక_రేకులు

పాము సంగతి నేను రాస్తాను. ఇలాంటి కుటుంబ మరణాల్లో అందరూ పేరు పట్టుకుని వెళ్తారు. పేరంత బలహీనమైన ఆధారం ఇంకోటి లేదు. మనిషి ఎలా పోయాడు, ఎంతసేపట్లో పోయాడు అన్నదే బలమైన ఆధారం.

పొడ అంటే మచ్చ. ఈ తీరంలో రక్తపింజరకి "కాటుక రేకుల పొడ" అన్న పేరు పాతది. విశాఖపట్నంలో ఉండి పాముల్ని పోగుచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చేసిన పుస్తకంలో తెలుగు పేర్లు అలాగే రాసుకున్నాడు, అందులో ఇదొకటి. బంగారు పాము అన్న పేరు కూడా ఆయనకి ఇక్కడే దొరికింది. కట్లపాముల జాతికి శాస్త్రంలో "బంగారస్" అన్న పేరు దాని నుంచే వచ్చింది. కాబట్టి మీ నాయనమ్మ "పొడ" రక్తపింజర కావచ్చు. కానీ పల్లెలో ఒంటి మీద మచ్చలున్న ప్రతిదీ పొడే, కొండచిలువ పిల్లతో సహా. "రక్తపింజర" కూడా అంతే, కొన్ని ఊళ్ళలో పెద్ద పింజరికి, కొన్ని ఊళ్ళలో చిన్న ఇసుక పింజరికి. ఒడియా పేర్లు ఈ విషయంలో కొంచెం నికరం: గోఖర అంటే నాగుపాము, చితి అంటే కట్లపాము, బొడా అంటే పింజరి, అహిరాజ్ అంటే గిరినాగు. ఒకే చావుకి ఇంట్లోవాళ్ళు పొడ అని, పక్కింటివాళ్ళు చితి అని అన్నారంటే, రెండు వేరు వేరు పాముల పేర్లు చెప్పినట్టు.

"చంపి చూపించారు" అన్న మాట వచ్చినా తొందరపడకండి. పొద్దున్నే తాటాకు కప్పులోనో గాదె కిందో కనిపించిన మొదటి పాముని కొడతారు. అది విషం లేని జెర్రిపోతైనా కావచ్చు, తోడేలు పామైనా కావచ్చు. తోడేలు పాముకీ కట్లపాముకీ ఒంటి మీద తెల్ల పట్టీలుంటాయి. కట్లపాముకి పట్టీలు మెడ దగ్గర పలచగా ఉండి తోక వైపు తేటపడతాయి, చాలావాటికి జంటజంటగా ఉంటాయి. వెన్ను మీద నడిమి వరస పొలుసులు పెద్దవిగా, ఆరు పలకలుగా ఉంటాయి. కర్రతో చితక్కొట్టిన పాముకి అంత వివరం ఎవరు చూస్తారు?

ఇప్పుడు చావు తీరు.

కట్లపాము రాత్రిపూట తిరిగే పాము. నేల మీద, చాప మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. నొప్పి ఉండదు. దోమ కుట్టిందనో చీమనో అనుకుని మళ్ళీ పడుకుంటారు. గాటు కంటికి ఆనదు, వాపు ఉండదు. రెండు మూడు గంటలకి కడుపు మెలిపెట్టినట్టు నొప్పి, వాంతి. తరవాత రెప్పలు వాలిపోతాయి, ఎత్తమన్నా ఎత్తలేరు. నీళ్ళు పోస్తే గుటక పడదు, మాట ముద్దగా వస్తుంది, ఆపైన ఊపిరి ఆగుతుంది. నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో అయిపోవచ్చు. స్పృహ చాలాసేపు ఉంటుంది. ఇంట్లోవాళ్ళకి మాత్రం నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది.

నాగుపాముకీ రెప్పలు వాలతాయి, కానీ కరిచినప్పుడే తెలుస్తుంది. మంట, వాపు, తరవాత కరిచినచోట కండ నల్లబడి ఊడడం ఉంటాయి. పగలూ సాయంత్రమూ ఎక్కువ.

రక్తపింజర పూర్తిగా వేరు. కాటు పడగానే మనిషి కేకపెడతాడు. వాపు పాదం నుంచి మోకాలికి, తొడకి ఎక్కుతుంది. చిగుళ్ళలోంచి నెత్తురు, మూత్రం ఎర్రగా, తరవాత మూత్రం బందు. మూత్రపిండాలు పోయి మూడో రోజు నుంచి పది రోజుల దాకా ఎప్పుడైనా చనిపోతారు. కోతల కాలం దీనిది. పనల కింద ఎలకల కోసం చేరుతుంది, చెయ్యో కాలో దాని మీద పడుతుంది.

కాలు నల్లబడడం ఒక్కదాన్ని నమ్మకండి. అప్పట్లో కాటు పైన తాడు బిగించి కట్టేవారు. కట్టు గంటల తరబడి ఉంటే విషం లేని పాము కరిచినా కాలు చచ్చి నల్లబడుతుంది. మంత్రంతోనో గాటు మీద కోడిపిల్లలు పెట్టడంతోనో బతికారన్న కథ వింటే, చాలా కాట్లు విషం లేని పాములవని, నాగూ కట్లపామూ కూడా ఒక్కోసారి విషం దింపకుండానే కరుస్తాయని గుర్తుపెట్టుకోండి.

మీ దగ్గరున్న రెండు కథలూ ఒక మనిషివి కావని నాకు అనిపిస్తోంది. అరుగు, చాప, వానాకాలం, తెల్లారేసరికి పోవడం, చితి అన్న పేరు: ఇవన్నీ ఒక కుప్ప. కళ్ళం, వాచిన కాలు, ఎనిమిది రోజులు, పొడ: ఇవి ఇంకో కుప్ప. ఒకే పాము ఈ రెండు రకాలుగా చంపదు. కుటుంబంలో పాముకాటుకి పోయినవాళ్ళు ఇద్దరున్నారేమో అడగండి.

అడిగేటప్పుడు పాము పేరు ఎత్తకండి. "నాగా?" అని అడిగితే "నాగే" అంటారు. ఎక్కడ పడుకున్నారు, ముట్టగానే లేచారా, పొద్దున మొదట ఏం చెప్పారు, నీళ్ళు తాగారా, కళ్ళు ఎలా ఉన్నాయి, కాలు చూడ్డానికి ఎలా ఉంది, మూత్రం అయిందా, ఎన్నో రోజున పోయారు. ఈ వరసలో అడిగి, చెప్పింది చెప్పినట్టు వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. "కళ్ళు మూసుకుపోయాయి" అన్నదాన్ని మీరు "స్పృహ తప్పింది" అని దిద్దితే ఆధారం పోయినట్టే.

పాత లెక్కలో కారణం తప్పుగా పడే దారులూ ఇవే. మునసబు ముందున్నవి కొద్ది గళ్ళు: కలరా, మశూచి, జ్వరాలు, అతిసారం, గాయాలు, ఇతరాలు. పాముకాటు "గాయాలు"లోకి రావాలి. కానీ ఏడో రోజు ఒళ్ళు వాచి పోయిన రక్తపింజర కాటు "జ్వరం"లోకో "ఇతరాలు"లోకో వెళ్తుంది. శ్రావణంలో తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులతో పోయిన కట్లపాము కాటు, పక్క ఊళ్ళో కలరా ఉంటే, కలరా అయిపోతుంది. మీకు కావలసిన పేరు ఎదురుగా "కలరా" అని ఉంటే ఇంటి మాట అబద్ధమని కొట్టేయకండి. అటూ ఇటూ వారం రోజుల్లో ఆ ఊళ్ళో ఇంకెవరైనా కలరాతో పోయారా చూడండి. ఒక్కరే పోయి ఉంటే కలరా కాకపోవడానికే ఎక్కువ వీలు.

ఎదురు దిశలోనూ జాగ్రత్త. ఇంట్లో మరో రకంగా పోయిన మనిషిని, పరువు కోసం పాము పేరు చెప్పి దాటించిన సందర్భాలుంటాయి. వయసులో ఉన్న కోడళ్ళ విషయంలో "పురుగు ముట్టింది" అన్న మాట ఒక్కటే ఉండి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నదానికి ఎవరి దగ్గరా జవాబు లేకపోతే, ఆ గడి ఖాళీగా వదలడమే ఆవిడకి మర్యాద.

ఇది చరిత్ర కాదు గానీ చెప్పకుండా ఉండలేను. నేల మీద పడుకుని లేచినవాళ్ళు వానాకాలం తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పల బరువు అంటే గ్యాసు అనుకోకండి. గాటు వెతుక్కుంటూ కూర్చోక 108కి చేసి, విషం విరుగుడు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో పోయినవాళ్ళు సుమారు 12 లక్షలని 2020లో వచ్చిన అధ్యయనం లెక్క, అంటే ఏటా సగటున 58 వేలు. అందులో దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపల.

సిరొంచ_రేవు

మహారాష్ట్ర వైపు తెలుగు కుటుంబాలవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మా దగ్గర మునసబు లెక్క ఉండదు. సిరొంచ పాత సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని చాందా జిల్లా, 1982లో గడ్చిరోలి అయింది. చావుపుట్టుకలు ఊరి కోత్వాలు రాయించేవాడు. "కోత్వాల్ బుక్" నకలు కావాలని తహసీలు రికార్డు గదిలో అడగాలి. కులధ్రువీకరణకి జనం రోజూ అడిగేదే కాబట్టి పేరు చెప్పగానే అర్థమవుతుంది. కొన్ని పుటలు మోడి లిపిలో (మరాఠీ పాత గొలుసుకట్టు రాతలో) ఉంటే చదవగలిగినవాళ్ళని తీసుకెళ్ళండి.

ఇంట్లో మాటల్లోనూ తేడా ఉంది. పల్లె మరాఠీలో పాము కరిచిందని నోటితో అనరు, "పాన్ లాగలం" అంటారు. తెలియనివాళ్ళు అది ఆకు సంగతి అనుకుని దాటేస్తారు. మన "పురుగు" లాంటిదే. పాముల పేర్లు: మణ్యార్ అంటే కట్లపాము, ఘోణస్ అంటే రక్తపింజర, ఫుర్సే అంటే చిన్న ఇసుక పింజరి. తద్దినం విషయంలో మీకున్న చిక్కు మాకు లేదు, మరాఠీవాళ్ళ నెల కూడా అమావాస్యతోనే ముగుస్తుంది.

వంశధార_గట్టు

చెప్పినట్టే, పాము పేరెత్తకుండా నాయనమ్మనీ పెద్దత్తనీ వేరువేరుగా అడిగాను. ఇద్దరు మనుషులే.

ముత్తాతగారి గురించి నాయనమ్మ మాటలు ఇవి: "అరుగు మీద పడుకున్నారట. ఏం ముట్టిందో ఎవరికీ తెలీదు. తెల్లారగట్ల కడుపులో తిప్పుతోందని లేచారట. ఉప్పునీళ్ళు ఇస్తే మింగలేక పక్కనుంచి కారిపోయాయట. రెప్పలు వాలిపోతే నిద్రపట్టిందనుకుని మా అత్తగారు దుప్పటి కప్పిందట." తద్దినం కృష్ణాష్టమి వెళ్ళిన నాలుగో రోజే. మాట కూడా "విడిపోయిన" అనే అంది, మద్రాసు నుంచి అని తనే చేర్చింది. తాతగారికి అప్పటికి పెళ్ళి కాలేదు, ఊళ్ళో బడికి వెళ్తున్నారు.

కళ్ళం, ఎనిమిది రోజులు, ఎర్రటి మూత్రం పెదతాతగారివి, అంటే ముత్తాతగారి అన్నగారివి. ఆయన రంగం (బర్మాలోని రంగూన్ వైపు) వెళ్ళారు. అక్కడ కోతల్లో ముట్టిందని తోటివాళ్ళు వచ్చి చెప్పారట. ఆయన తద్దినం మార్గశిర అమావాస్య నాడు పెట్టేవారు. ఆయనకి పిల్లలు లేరు, తరవాత ఆగిపోయింది. రంగం నుంచి వచ్చిన చావుకి ఇక్కడేమైనా దొరుకుతుందా?

కాటుక_రేకులు

ఉప్పునీళ్ళు మింగలేకపోవడం, వాలిన రెప్పలు, కడుపునొప్పి, గాటు తెలియకపోవడం. ముత్తాతగారిది కట్లపాము అని రాయండి, పక్కన "లక్షణాలను బట్టి" అని చేర్చండి. పక్కింటివాళ్ళు సరిగ్గానే చెప్పారు. బహుశా వాళ్ళూ పామును చూసి కాదు, చావు చూసి చెప్పి ఉంటారు.

పెదతాతగారిది పొడే. బర్మా వరిచేలల్లో ఉండేది రక్తపింజరకి దగ్గర చుట్టం, ఇప్పుడు వేరే జాతిగా లెక్కిస్తున్నారు. చంపే తీరు అదే, మూత్రపిండాల మీద దెబ్బ. అక్కడి కోతలూ కార్తీకం నుంచి పుష్యం దాకానే కాబట్టి మార్గశిరం సరిపోతుంది.

గుణుపురం_గుమాస్తా

ఆ అమావాస్యలో ఒక సంగతి దాగుంది. దూరదేశంలో పోయి నెల తెలిసి తిథి తెలియనప్పుడు ఆ నెల అమావాస్య నాడు పెట్టమని శాస్త్రం. కాబట్టి "మార్గశిర అమావాస్య నాడు మరణించారు" అని రాయకండి. "మార్గశిరం, తిథి తెలియదు" అని రాయండి. మీ వృక్షంలో అమావాస్య తద్దినాలు ఇంకేమైనా ఉంటే, ఆ మనుషులు రంగమో అస్సాం తేయాకు తోటలకో వెళ్ళారా అని కూడా చూడండి.

ఇక్కడి మునసబు లెక్కలో ఆయన చావు ఉండదు, ఊళ్ళో పోలేదు కాబట్టి. భూమి లెక్కలో మాత్రం వెతకవచ్చు. పిల్లలు లేరంటున్నారు, ఆయన వాటా తమ్ముడి పేరుకో మీ తాతగారి పేరుకో మారి ఉండాలి. తమ్ముడి పేరుకి మారితే ఆయన 1936 ఆగస్టుకి ముందే పోయారు. నేరుగా మీ తాతగారి పేరుకి మారితే తరవాత పోయి ఉండవచ్చు. ఒక్క పుట దొరికినా ఇద్దరి చావులూ వరసలో పడతాయి.

పాముకాటు దుర్మరణం కాబట్టి నారాయణబలి చేయించారేమో, ఎవరైనా గయకో పూరీకో వెళ్ళారేమో అడగండి. అక్కడి పండాల (క్షేత్ర పురోహితుల) పుస్తకాల్లో ఊరిపేరు, ఇంటిపేరు పట్టుకుని వెతుకుతారు. వెళ్ళినవాళ్ళు ఎవరి కోసం వచ్చారో చెప్పి సంతకం పెట్టడం మామూలు. కారణం రాసి ఉంటుందనుకోకండి, పేరూ ఏడూ దొరికితే చాలు.

కచేరీకి వెళ్ళేముందు ఇంకొన్ని. 1936 ఏప్రిల్ తరవాత లెక్క తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉండొచ్చు. ఒడియాలో "సర్పాఘాత", "సాప కాముడా" అన్న మాటల ఆకారం కాగితం మీద రాయించుకుని తీసుకెళ్ళండి. "ధ్రువపత్రం ఇవ్వండి" అని అడిగితే లేదని పంపేస్తారు. "రిజిస్టరు చూడనివ్వండి" అని అడగాలి. కుదరకపోతే సమాచార హక్కు దరఖాస్తు, ఒడిశాలో ఫారం-ఏ మీద. ఊరు, అప్పటి తాలూకా, 1936 జూలై నుంచి సెప్టెంబరు దాకా మరణాల రిజిస్టరు అని రాయండి. ఒక్క పేరు రాస్తే "దొరకలేదు" అని జవాబొస్తుంది, పేరు స్పెల్లింగు తేడాకే ఆగిపోతుంది. తప్పు కార్యాలయానికి పెట్టినా ఐదు రోజుల్లో సరైన కార్యాలయానికి పంపాలని 6(3) సెక్షను చెబుతోంది, ఆ అంకె దరఖాస్తులోనే రాసేయండి. వార్షిక ఆరోగ్య నివేదికల వెంట పడకండి, అందులో జిల్లాకి ఇంతమంది అన్న లెక్క తప్ప పేర్లుండవు.

ఇదంతా పాతవాటికి. 1970 ఏప్రిల్ తరవాతి చావులు కొత్త చట్టం కిందివి, అందులో మెలిక ఉంది. 1969 చట్టం 17వ సెక్షను ప్రకారం నకలులో మరణ కారణం చూపకూడదు. కాబట్టి 1985లో పోయిన బాబాయి ధ్రువపత్రం మీద కారణం లేదంటే దాచిపెట్టారని కాదు. అలాంటివాటికి పోలీసు స్టేషనులో అసహజ మరణం కేసు, పోస్ట్‌మార్టం కాగితం ఆధారం. జంతువు వల్ల పోయినా విచారణ జరపాలన్నది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షనులోనే ఉంది. ఒడిశాలో 2015 నుంచి పాముకాటుని రాష్ట్ర విపత్తుల్లో చేర్చి కుటుంబానికి 4 లక్షల సహాయం ఇస్తున్నారు కాబట్టి, ఆ తరవాతి చావులకి తహసీలులో ఫైలు ఉంటుంది. పోస్ట్‌మార్టం జరగని ఇళ్ళకే ఆ ఫైలు లేదు, డబ్బూ లేదు.

రాయడం ఇలా రాయండి. ముత్తాతగారి దగ్గర: "ధాత శ్రావణ బహుళ ద్వాదశి, 1936 ఆగస్టు. ఇంటి మాట: పురుగు ముట్టి. లక్షణాలను బట్టి కట్లపాము. చెప్పినవారు కోడలు, అత్తగారి దగ్గర విన్నది." విన్న తేదీ కూడా వేయండి. పెదతాతగారికి వేరే గడి తెరవండి, పిల్లలు లేరని వదిలేయకండి. రెండు కథలు ఒకరి మీద పడిపోయింది ఆయన గడి లేకపోవడం వల్లే. పర్లాకిమిడి వెళ్ళే రోజున మీ తాతగారి పేరు మీదున్న పాత పట్టా ఏదైనా ఉంటే తీసుకెళ్ళండి. సర్వే నంబరు చెబితే రికార్డు గదిలో వెతకడం పేరు చెప్పినదానికన్నా చాలా తేలిక.